కూరాబిన్ లైను ఎవరిది

జనవరి 9

ఈరోజు లయల్ పాస్కో ముక్కు పగలగొట్టాను. డెబ్బై నాలుగేళ్ల పిడికిలి ఇంకా పనిచేస్తోందని తెలిసి సంతోషంగా ఉంది. చొక్కా నిండా రక్తం కారింది వాడికి. రైల్వే కంపెనీ చొక్కా. జేబు మీద కుట్టిన కంపెనీ బొమ్మ పూర్తిగా తడిసే దాకా చూశాను.

నా భార్య ఊనా బతికి ఉంటే ముందు తమ్ముడి ముక్కు తుడిచి, తర్వాత నా అంతు చూసేది. ఊనా లేదు కాబట్టి వాడికీ నాకూ మధ్య ఇప్పుడు అడ్డం ఎవరూ లేరు.

హోటల్ బార్లో గోధుమ రైతులంతా ఉన్నారు. మార్చిలో ప్రభుత్వ విచారణ సంఘం ఊరికి వస్తోంది. రైల్వేని కంపెనీ దగ్గరే ఉంచాలా, ప్రభుత్వం వెనక్కి తీసుకోవాలా, మూసేయాలా, జనాన్ని అడుగుతారట. నేను అక్కడ చదవబోయే ప్రకటన రాస్తున్నానని ఊరందరికీ తెలుసు. లయల్ గ్లాసు ఎత్తి మొదలుపెట్టాడు.

"బావా, నీ రైల్వే ఎప్పుడో చచ్చింది. శవానికి పింఛను అడుగుతున్నావు."

"చంపిందెవడురా? యూనియన్ కార్యదర్శివై ఉండి అందరిచేతా రాజీనామాలు పెట్టించి, ఆర్నెల్లు తిరక్కుండా కంపెనీకి మేనేజరువయ్యావు."

"పాసింజరు బండి ఆపింది కంపెనీయా? కాదు. నీ ప్రభుత్వం. చివరి బండికి పచ్చజెండా ఊపిన స్టేషన్ మాస్టరు ఎవరు? నువ్వే. టోపీ సర్దుకుని మరీ ఊపావు. పేపర్లో ఫొటో కూడా పడింది."

అందరూ నవ్వారు. ఆథల్ షిర్మర్ మరీ గట్టిగా నవ్వాడు. నాలుగు వేల ఎకరాల ఆసామి, రైల్వేని అమ్మేయమని అందరికంటే ముందు చెయ్యెత్తిన మహానుభావుడు. నేను నిజానికి వాణ్ణి కొట్టాల్సింది. లయల్ దగ్గరగా ఉన్నాడు.

జనవరి 10

బ్రోన్విన్ వచ్చింది. నిలబడే మాట్లాడింది.

"మామయ్య కేసు పెట్టనన్నాడు. నువ్వు వెళ్లి క్షమాపణ అడుగు."

"అడగను."

"ఆయన నా పై అధికారి నాన్నా. మీ ఇద్దరూ బార్లో కొట్టుకుంటే ఆ వారం నాకు డ్యూటీ ఎలా పడుతుందో నీకేం తెలుసు?"

నా ఒక్కగానొక్క కూతురు ఆ కంపెనీ గోధుమ బండి నడుపుతోంది. ఇంజన్లో ఒక్కతే. రెండో మనిషిని తీసేసి మూడేళ్లయింది. ఉప్పుమడుగు దగ్గర ఇంజను పడవలా ఊగుతోందని చెప్పింది. చెప్పాక, చెప్పకుండా ఉండాల్సింది అన్నట్టు నా మొహం చూసింది. పెరట్లో పండిన టమాటాలు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

ఆ లైను మీద దాని ప్రాణం ఉంది. నాకు ఇంకేం పట్టదు. రైల్వే ఎవరిదైనా కానీ. (ఇది ప్రకటనలో రాయకూడదు.)

జనవరి 15

ప్రకటన పదిహేను పేజీలు అయింది. చదివితే నాకే చెమటలు పడుతున్నాయి. రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీ వాళ్లు పెట్టెల్లో పంపిన పుస్తకాలు నలభై ఏళ్లు చదివాను. రోమన్లు రోడ్లు ఎందుకు వేశారో, ఎవరు పాడుచేశారో చదివాను. ఊరికే పోలేదు ఆ చదువు.

సారాంశం ఇది. కంపెనీకి పట్టాలు లీజుకి ఇచ్చారు. అద్దెకున్నవాడు పైకప్పు మరమ్మతు చేయించడు. లీజు తీరే దాకా దాన్ని పిండుకుంటాడు, తీరాక ఎముకలు అప్పజెబుతాడు. కాబట్టి పట్టాలు ప్రజలవి కావాలి. వాటి మీద గోధుమ ఎవరైనా తోలుకోవచ్చు, అద్దె కట్టి. పాసింజరు బండి వారానికి రెండుసార్లైనా నడవాలి, నష్టమైనా సరే. ఆసుపత్రికి పోయే ముసలమ్మ లాభనష్టాల పద్దు కాదు. అన్నిటికంటే ముఖ్యం, పట్టాల బాగోగులు చూసేవాడు ఆ పట్టాల పక్కనే కాపురం ఉండాలి. పట్టా వేడెక్కితే వాడికీ చెమట పట్టాలి.

ఈ చివరి వాక్యం బాగుంది. నిలబడి చదవాలి దీన్ని. లయల్ మొహం చూస్తూ చదవాలి.

లీజు కాగితం మీద సంతకం పెట్టిన మంత్రిని గురించి ఒక పేజీ రాశాను. పాత రోజుల్లో ఇలాంటివాణ్ణి ఏం చేసేవారో ఉదాహరణలతో సహా. కొట్టేశాను. మళ్లీ రాశాను.

జనవరి 21

ఉప్పుమడుగు దాకా కారులో వెళ్లి పట్టాల వెంట నడిచాను. పట్టాల కింది చెక్క స్లీపర్లు పుచ్చిపోయాయి. పట్టాని పట్టి ఉంచాల్సిన మేకుల్ని వేళ్లతో లాగితే వచ్చాయి, చిన్నపిల్లల పాలపళ్లలా. ఒక జేబు నింపుకున్నాను. నడి ఎండాకాలం ఇది, ఈ జనవరి ఎండకి పట్టా సాగుతుంది. సాగడానికి చోటు లేక, పట్టి ఉంచే మేకూ లేకపోతే పక్కకి వంగుతుంది. మా రోజుల్లో ఎండ ముదిరితే గ్యాంగువాడు పట్టా పక్కన నడిచేవాడు, వాడు సరే అంటేనే బండి కదిలేది. గ్యాంగే లేదు ఇప్పుడు.

అటునుంచి అటే డన్‌హోమ్ జంక్షన్‌కి వెళ్లి ఆ మేకులు లయల్ ఆఫీసు బల్ల మీద కుమ్మరించాను. ముక్కు మీద ప్లాస్టరుతో కోతిలా ఉన్నాడు.

"అక్కడ గంటకి ఇరవై అయిదు కిలోమీటర్లకి మించి పోకూడదని ఆర్డరు వేశాం బావా. చాలు."

"ఎండాకాలం మధ్యాహ్నాలు బండి వద్దురా."

"పొద్దున పూటే పోతోంది. ఎండ ముదిరేలోపు మడుగు దాటేస్తోంది. నాకు మాత్రం మేనకోడలు కాదా అది?"

"ఆ ముక్క నీ నోట రాకూడదు."

మేకులు ఏరి నా జేబులో పోశాడు. ప్యాంటు జేబు చిరిగిపోయేలా పోశాడు.

జనవరి 25

రేపు నలభై నాలుగు డిగ్రీలు అంటున్నారు.

బ్రోన్ సాయంత్రం ఖాళీ బండి తెచ్చి గోదాముల దగ్గర పెట్టింది. తెల్లారి గోధుమ నింపుకుని ఎండెక్కకముందే బయలుదేరుతుందట. వద్దన్నాను. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

"నేను పోనంటే ఎల్లుండి నుంచి ఇంకొకడు పోతాడు. నాకు ఇంకో పని రాదు నాన్నా, నువ్వే నేర్పలేదు."

"ఈ లైను మళ్లీ ప్రభుత్వానిదైతే..."

"ఎవరిదైతే నాకేంటి? నేను ఫోన్ చేస్తే ఎవరొస్తారు, అది చెప్పు."

జనవరి 26

టోకెన్ నా దగ్గర ఉంది.

ఇది దొంగతనం కాదు. ముప్పై ఏళ్లు నా అధీనంలో ఉన్న వస్తువు. చేతి పొడవు ఉక్కు కడ్డీ, మీద రెండు ఊళ్ల పేర్లు చెక్కిన ఇత్తడి రేకు. కూరాబిన్‌కీ డన్‌హోమ్‌కీ మధ్య ఒక్కటే లైను, ఒక్కటే టోకెన్. అది ఎవరి ఇంజన్లో ఉంటే వాళ్లకే దారి. అది లేకుండా బండి నడిపితే డ్రైవరు ఉద్యోగం ఊడుతుంది. రాత్రికి బ్రోన్ దాన్ని స్టేషను గుడిసెలో పెట్టెలో పెట్టి తాళం వేసింది. కంపెనీ ఆ తాళం కూడా మార్చలేదు. రెండో తాళంచెవి ఇవ్వమని నన్ను ఎవరూ అడగలేదు. కంపెనీ అంటే అదీ.

పొద్దున్నే తీసుకొచ్చి టమాటా మొక్కల ఊతకర్రల మధ్య గుచ్చాను. ఇప్పుడు అదీ ఒక ఊతకర్రే.

టోకెన్ పోతే మనిషినే టోకెన్ చేయాలి. రూలు అది. చేతికి ఎర్ర పట్టీ కట్టుకుని అతను స్వయంగా ఇంజన్లో ఎక్కితేనే బండి కదలాలి. ఆ పట్టీ కట్టుకునే అర్హత ఉన్నవాళ్లందరినీ కంపెనీ ఇంటికి పంపేసింది. మిగిలింది లయల్ ఒక్కడే. వాడు ఏసీ గది వదిలి ఈ ఎండలో రాడు. ఈరోజుకి బండి లేదు. నా కూతురు ఇంట్లో పడుకుంటుంది.

మధ్యాహ్నం.

వచ్చాడు.

కారు దిగి ఎర్ర పట్టీ కట్టుకున్నాడు. ముక్కు ఇంకా వాచే ఉంది. వరండాలోంచి చూస్తున్న నాకు సలాం కొట్టాడు. వాడూ బ్రోన్ ఇంజను ఎక్కారు. పరిగెత్తాను. అరిచాను. ఇంజను కూతలో వినపడలేదు.

సాయంత్రం.

రాయాలి.

ఆథల్ షిర్మర్ వచ్చి "బండి పట్టాలు తప్పిందట, ఎక్కు" అన్నాడు. వాడి ట్రక్కులో వెళ్లాం. దూరం నుంచే దుమ్ము కనబడింది. ఉప్పుమడుగు తెల్లని నేల మీద వ్యాగన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఒకటి కడుపు చీలి గోధుమ ఇంకా ధారగా కారుతోంది. గులాబీ రంగు గలా చిలకలు అప్పుడే గుంపులుగా వాలి తింటున్నాయి. పట్టా పాములా వంకర తిరిగి ఉంది. అనుకున్న చోటే. నేను చెప్పిన చోటే.

బ్రోన్ కింద కూర్చుని ఉంది. భుజం ఎముక చర్మాన్ని పొడుచుకుని బయటికొచ్చింది. మొహమంతా గాజు పెంకులు. "మామయ్యని చూడు, మామయ్యని చూడు" అంటోంది, నన్ను గుర్తు పట్టకుండా.

లయల్ ఇంజను కింద ఉన్నాడు. సగం. మోకాలి కింద ఏముందో చెప్పడానికి మాట లేదు. మాంసం దుకాణంలో బల్ల మీద మిగిలేది ఉంటుందే, అది. ఆథల్ తన బెల్టు తీసి తొడకి బిగించాడు. నన్ను తల పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. వాడి అరుపులు నా అరచేతుల్లోకి తగిలాయి. ఎర్ర పట్టీ ఇంకా చేతికే ఉంది.

జనవరి 27

పట్టా వంగింది. మేకులు లేవు. కంపెనీ నేరం.

జనవరి 28

కంపెనీ నేరం.

ఫిబ్రవరి 3

బ్రోన్‌ని ఇంటికి పంపారు. చెయ్యి మెడకి కట్టి ఉంది, మొహాన కుట్లు. వచ్చిన మర్నాడే కంపెనీ సస్పెండు చేసింది. టోకెన్ పోగొట్టిందట. మితిమీరిన వేగమట. పెట్టె తాళం పగల్లేదు కాబట్టి టోకెన్ అసలు పెట్టెలో పెట్టనే లేదని తేల్చారు.

మా వంటింట్లో కూర్చుని మాంసం బన్ను ఎడమ చేత్తో తుంచుకుంటూ చెప్పింది.

"పెట్టి తాళం వేశాను నాన్నా. గుర్తుంది. వేశాననే అనుకుంటున్నా."

"వేసే ఉంటావు."

"అలా అనకు. వేశానని అను."

లేచి పెరట్లోకి వెళ్లి టమాటాలకి నీళ్లు పెట్టాను. కిటికీలోంచి చూస్తూ ఉంది.

ఇప్పుడు చెబితే ఏమవుతుంది? కంపెనీ ఎగిరి గంతేస్తుంది. పట్టాలు మంచివే, ముసలి పిచ్చోడు కుట్ర చేశాడు అంటుంది. పేపర్లో నా మొహం వేస్తారు. విచారణ మట్టికొట్టుకుపోతుంది. లైను శాశ్వతంగా వాళ్ల చేతిలో ఉండిపోతుంది. మార్చి గడవనీ. తర్వాత చెబుతాను. లైను దక్కాక దాని ఉద్యోగం అదే వస్తుంది. ఇది పిరికితనం కాదు. ముందు వెనకల వరస.

ఫిబ్రవరి 11

బ్రోన్ ఇంటి కిటికీలోంచి ఎవడో ఇటుక విసిరాడు. మంచం మీద పడింది, బ్రోన్ అప్పుడే లేచిందట. పంట గోదాముల్లో మూలుగుతోంది, గోధుమ ఎత్తుకోవాల్సిన ఓడ వెళ్లిపోయింది, లారీ కిరాయి రెట్టింపు. అందుకు నా కూతురు కారణమట. టోకెన్ పారేసుకున్న ఆడది అని హోటల్ గోడ మీద రాశారు.

ఆథల్ కొడుకు పని అని తెలుసు. పార తీసుకుని వెళ్లాను. వాడి ట్రక్కు దీపాలు రెండూ, అద్దం, తలుపు పగలగొట్టాను. వాడు అడ్డం వస్తే వాడి ముంజేయి కూడా. ఆథల్ తుపాకీ తెచ్చాడు, గాల్లోకి పేల్చాడు.

"నీ ఇంట్లో జరిగినదానికి నా కొడుకుని చంపుతావా మెర్వ్?"

"నా ఇంట్లో ఏం జరిగింది? ఏం జరిగిందో చెప్పు! ఏం తెలుసు నీకు?"

ఆథల్ వింతగా చూశాడు. వాడికి ఏమీ తెలియదు. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాను. హాయిగా ఉండాల్సింది.

ఫిబ్రవరి 19

ఆసుపత్రికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. లయల్ కాలు మోకాలి పైదాకా తీసేశారు. కట్టు మీద పసుపు రంగు ఊరుతోంది.

"రా బావా. పళ్లు తెచ్చావా? టమాటాలైనా?"

నవ్వాడు.

"ఆ తాళాలు మనిద్దరం కలిసి కొన్నాం. రెండు తాళంచెవులు. ఒకటి నువ్వు ఎప్పుడూ తిరిగివ్వలేదు. పెట్టె ఖాళీ అని బ్రోన్ ఫోన్ చేసినప్పుడే నాకు తెలిసింది."

"మరి ఎందుకొచ్చావు?"

"నీ మీద కోపంతో. నువ్వు ఆపావు కాబట్టి నడిపించాలని. ఆలస్యమైందని వేగం పెంచమన్నది కూడా నేనే. వద్దు మామయ్యా అంది అది." నీళ్లు తాగాడు. "పొద్దున పోవాల్సిన బండి బావా. పట్టా చల్లగా ఉన్నప్పుడు. ఆ వారమంతా అలాగే దాటింది మడుగుని. ఎండ నడినెత్తిన ఉండగా దాన్ని అక్కడికి పంపింది నువ్వు."

కట్టు మీద చెయ్యి వేశాను. నొక్కాను. నా బరువంతా వేసి నొక్కాను. వాడు అరవలేదు, పక్కబట్ట కొరికాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా నన్నే చూస్తున్నాడు. నర్సు వచ్చి నన్ను వెనక్కి లాగింది. చేతికి తడి అంటింది.

వెళ్లిపోతుంటే పిలిచాడు.

"కంపెనీ నన్ను కూడా వదిలేసింది, తెలుసా. వేగం గురించి నేను రాసిచ్చింది చింపేశారు. టోకెన్ సంగతి నేను చెప్పను. నా నోట వస్తే నీకు సుఖంగా ఉంటుంది, నన్ను తిట్టుకుంటూ బతికేస్తావు. నువ్వే చెప్పుకో."

ఫిబ్రవరి 20

పొద్దున వెళ్లినా వంగేదే.

ఫిబ్రవరి 22

పొద్దున వెళ్లి ఉంటే వంగేది కాదు.

మార్చి 1

బ్రోన్ టమాటాల కోసం వచ్చింది. ఇక మొక్కలు ఎండిపోతున్నాయి, ఆఖరి కాపు. మొక్కల మధ్య వంగి తెంపుతోంది. దాని చేతికి బెత్తెడు దూరంలో ఉంది ఆ కడ్డీ. మట్టి పట్టి తుప్పు రంగులో. చూడలేదు. "అన్నం తింటున్నా నిద్రపోతున్నా అదే నాన్నా. ఏ చేత్తో తాళం వేశానో కూడా గుర్తు తెచ్చుకుంటున్నా. నాకు మతి పోతోందేమో డాక్టరుకి చూపించుకుంటాను" అంది.

కడ్డీ పీకి దాని ముందు పడేశాను.

రేకు మీద మట్టి తుడిచి పేర్లు చదివింది. తర్వాత బాగున్న చేత్తో కొట్టింది. చెంపదెబ్బ కాదు. పిడికిలి, దాని చిన్నప్పుడు నేను నేర్పినట్టు, భుజంలోంచి. కట్టుడుపళ్లు విరిగి నోట్లో గుచ్చుకున్నాయి. పడ్డాను. ఇంకోసారి కొట్టింది. టమాటా మొక్కల్లో పడి ఉన్నాను, మీద నిలబడి ఉంది.

"నెల రోజులు. నేను పిచ్చిదాన్ననుకున్నాను నెల రోజులు. నువ్వు నాకు టీ కాచి ఇచ్చావు."

"నిన్ను కాపాడదామని..."

"నాకు చెప్పకు. విచారణలో చెప్పు. అందరిముందు."

టమాటాలు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

మార్చి 14

ఊరి మెకానిక్స్ హాల్లో విచారణ. కుర్చీలు చాలక గోడల పక్కన నిలబడ్డారు. కంపెనీ లాయరు, ఆథల్, వాడి కొడుకు కట్టుతో. లయల్ చక్రాల కుర్చీలో. వాడి పక్కన బ్రోన్. సంఘం అధ్యక్షురాలు నా వయసులో సగం ఉంటుంది, మర్యాదస్థురాలు.

ముప్పై పేజీలకి పెరిగిన ప్రకటన చేతిలో ఉంది. తెరవలేదు. టోకెన్ బల్ల మీద పెట్టాను. ఎప్పుడు తీశానో, ఎందుకు తీశానో, బండి ఎందుకు ఆలస్యమైందో చెప్పాను. ఎండ గురించి చెప్పాను. పళ్లు లేక మాట సరిగ్గా రాలేదు, రెండుసార్లు చెప్పమన్నారు. రెండుసార్లు చెప్పాను.

అప్పుడు లేచింది హాలు. ఎవరో కుర్చీ విసిరారు, వీపున తగిలింది. ఆథల్ కొడుకు బాగున్న చేత్తో నా కణత మీద కొట్టాడు. కింద పడితే బూట్లు. ఎవరివో చూడలేదు. చూడాలనిపించలేదు. "వదలండ్రా, ముసలాణ్ణి!" అని అరిచింది ఒక్క లయలే. బ్రోన్ కదల్లేదు.

పోలీసు లేపి కూర్చోబెట్టాక అధ్యక్షురాలు అడిగింది, మర్యాదగానే. "ట్రెజైస్ గారూ, మీ ఒప్పుకోలు నమోదు చేశాం. మేం వచ్చిన పని వేరు. ఈ రైల్వే ఎవరి చేతిలో ఉండాలని మీ అభిప్రాయం?"

పట్టాల పక్కన కాపురం ఉండేవాడి చేతిలో ఉండాలి. పట్టా వేడెక్కితే చెమట పట్టేవాడి చేతిలో. అదే రాసుకున్నాను, అదే చదవాలి.

పట్టాల పక్కనే కాపురం ఉంటున్నాను నేను.

"తెలియదమ్మా" అన్నాను. రాసుకుని ఉంటారు.

ఏప్రిల్ 30

నిర్ణయం వచ్చింది. రాష్ట్రంలో పట్టాలన్నీ ప్రభుత్వం వెనక్కి తీసుకుంటుంది. నా ముప్పై పేజీల్లో ఉన్నట్టే, దాదాపు మాటకి మాట. కూరాబిన్ లైను తప్ప. దాన్ని మూసేస్తారు. జరిగిన సంఘటనల దృష్ట్యా అని రాశారు.

బ్రోన్ మీద మచ్చ తీసేశారు. నా కేసు జూన్‌లో.

మే 20

పట్టాలు పీకుతున్నారు. గ్యాసు మంటతో ముక్కలు కోస్తున్నారు. ఇంట్లోకి వాసన వస్తోంది.

లయల్ చంకకర్రల మీద వచ్చాడు, చెప్పాపెట్టకుండా. వరండాలో నిలబడి పట్టాలు కోయడం చూశాం. బ్రోన్ పశ్చిమాన ఎర్రనేలల్లో పనికి చేరిందట. ఇనప ఖనిజం బండ్లు నడుపుతోందట. నాకు ఇప్పటిదాకా తెలియదు.

"అక్కడి పట్టాలు అద్దంలా ఉన్నాయంట బావా. ఇంజన్లో గ్లాసు నీళ్లు పెడితే తొణకవంట. ఎండలో పొద్దస్తమానం మనుషులు చూసుకుంటూ ఉంటారంట." కాస్త ఆగి, పళ్లికిలించి, "అంతా కంపెనీదే. గనీ కంపెనీదే, పట్టాలూ కంపెనీవే" అన్నాడు.

చంకకర్ర తన్నాను. పడ్డాడు. తల మెట్టుకి తగిలి రక్తం వచ్చింది. పడి నవ్వుతున్నాడు, వెధవ, ఆపకుండా నవ్వుతున్నాడు. లేపేవాళ్లు ఎవరూ లేరు. నేనే చంకల కింద చేతులు వేసి లాగాను. ఒంటికాలి మనిషి ఇంత బరువుంటాడని తెలియదు. ఇద్దరం రెండుసార్లు పడ్డాం. ఆఖరికి కుర్చీలో వేసి, తువ్వాలు తడిపి నెత్తి మీద ఒత్తి పట్టుకున్నాను.

"బ్రోన్ ఫోన్ చేసినప్పుడు నా గురించి అడిగిందా?"

"లేదు" అన్నాడు.

జన్మంతా అబద్ధాలాడాడు. ఇంకొక్కటి ఆడొచ్చు కదా.